లేని శుక్రవారం

ప్రజా హాజరు శాఖ మంత్రి సవైలేవా ఆ సోమవారం దీవుల దేశపు రాజధాని ఆపియాలో చారిత్రక ప్రకటన చేశారు.

"ఇకమీదట ఎవరెన్ని రోజులు పనిచేశారో మనుషులు చెప్పరు. చివరి తేదీలోంచి మొదటి తేదీ తీసేసి, సెలవులు మినహాయించి స్ప్రెడ్‌షీటే చెబుతుంది. దానికి బంధువులు లేరు!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు అదే శాఖలో ఉద్యోగి అయిన మంత్రిగారి బావమరిది ఫిలిపో.

గుమాస్తా ఇయోసేఫో కూడా మనసారా కొట్టాడు. సవాయి దీవి కచేరీలో ఒక్క ఖాళీ ఉంది. ఒక్కరోజూ ఎగ్గొట్టకుండా మూడు వేల పనిదినాలు నిండినవాళ్ళకే అది. అతని భార్య లుపే ఆ దీవిలోనే పంతులమ్మ. పదమూడేళ్ళుగా వాళ్ళ కాపురం శనివారం పడవలో వెళ్ళి ఆదివారం పడవలో తిరిగొస్తోంది.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. షీటు చెప్పిన పనిదినాలకీ, హాజరుపట్టీలో సంతకాలకీ ఇయోసేఫోకి ఒక్కరోజు తేడా వచ్చింది. పక్క బల్ల ఆయనకీ అంతే. ఆ పక్కావిడకీ అంతే. రోజు కూడా ఒకటే: 2011 డిసెంబరు 30.

"మూకుమ్మడి సమ్మె! ఇన్నేళ్ళూ ఎంత గుట్టుగా దాచారు!" అన్నారు మంత్రిగారు.

"అయ్యా, ఆ రోజు అసలు లేదండి," అన్నాడు ఇయోసేఫో. "మన దేశాన్ని అంతర్జాతీయ తేదీరేఖకి అటునుంచి ఇటు మార్చారు కదండి. గురువారం పడుకుని శనివారం లేచాం."

"మధ్యలో సెలవుచీటీ ఇచ్చావా?"

"లేని రోజుకి చీటీ ఎలా ఇస్తామండి?"

మంత్రిగారు స్వహస్తాలతో ఆ తేదీని షీటులో టైపు కొట్టారు. పక్క గడిలో 'శుక్రవారం' అని పడింది.

"చూశావా? యంత్రానికి తెలిసిన శుక్రవారం నీకు తెలీదా?"

ఆ సాయంత్రం ఇయోసేఫో లుపేకి ఫోన్ చేశాడు.

"ఖాళీ పోయేలా ఉందే. ఓ శుక్రవారం నేను ఆఫీసుకి వెళ్ళలేదట."

"వెళ్ళకుండా ఎక్కడికి పోయావయ్యా?"

"ఎక్కడికీ పోలేదు. ఆ రోజే లేదు."

"పదమూడేళ్ళలో ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా నీకు?" అని నవ్వింది. తర్వాత, నవ్వకుండా, "పోనీ, ఆ రోజైనా నా దగ్గరికి రావాల్సింది," అంది.

ఇయోసేఫో మంచం మీద కూర్చుని ఆ శుక్రవారాన్ని వెతికాడు. గురువారం రాత్రి కోకో తాగిన కప్పు గుర్తుంది. శనివారం పొద్దున అదే కప్పు కడిగినట్టూ గుర్తుంది. మధ్యలో చీకటి. తప్పు చేయని మనిషికి మధ్యలో చీకటి ఎందుకుంటుంది? ఎక్కడో, ఎవరికీ కనబడకుండా, తను నిజంగానే తిరిగాడేమో అనిపించింది. మర్నాడు సంజాయిషీ కాగితం మీద సగం క్షమాపణ రాసేశాడు.

అంతలో మంత్రిగారే చిరునవ్వుతో పాత హాజరుపట్టీ పట్టుకొచ్చారు.

"అందరూ ద్రోహులు కారయ్యా. ఒక్కడున్నాడు!"

ఫిలిపో పేరు ఎదురుగా ఆ డిసెంబరు పేజీలో ముప్పై ఒక్క సంతకాలున్నాయి. ఆదివారాలతో, క్రిస్మస్‌తో సహా, అన్నీ ఒకే సిరాతో, ఒకే ఊపులో ఉన్నాయి. ముప్పయ్యో తేదీ గడిలో సంతకం కింద ఒక గీత కూడా ఉంది.

"దేశమంతా నిద్రపోతుంటే మావాడొక్కడే డ్యూటీలో ఉన్నాడు. సవాయి ఖాళీ వాడిదే. సన్మానపత్రం కూడా ఇద్దాం. నీ దస్తూరీ బావుంటుంది, నువ్వే రాయి. ఆ శుక్రవారం వాడు చేసిన సేవ గురించి కచ్చితంగా ఒక వాక్యం ఉండాలి."

ఇయోసేఫో సగం రాసిన క్షమాపణ పక్కన పెట్టాడు. ఫిలిపోని పదమూడేళ్ళుగా పక్క గదిలోంచి చూస్తున్న మనిషి అతను. కలం తీసి గుండ్రంగా రాశాడు:

'ఆనాడు శ్రీ ఫిలిపోగారు చేసిన పని, తక్కిన రోజుల్లో వారు చేసిన పనికి ఏమాత్రం తీసిపోదు.'

మంత్రిగారు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"దీన్ని ఫ్రేము కట్టించండి," అన్నారు గద్గదంగా.