ఖాతాకొక ముఖం

ఇకమీదట బ్యాంకు ప్రజలను అంకెలతో కాక ముఖాలతో గుర్తిస్తుందని ఆర్థిక మంత్రిగారు ప్రకటించిన రోజున నేను సభలో మూడో వరసలో ఉన్నాను. "మనిషిని పదకొండంకెల నంబరుగా చూడటం నా మనసుకు కష్టంగా ఉంది" అన్నప్పుడు వారి గొంతు నిజంగానే వణికింది. వంద రోజుల్లో ప్రతి ఖాతాకూ ఖాతాదారు ఫోటో. అది ఫోన్లో యాప్ తెరిస్తే కనబడుతుంది, బ్యాంకులో కౌంటరు తెర మీదా కనబడుతుంది. పెద్ద మొత్తం తీయాలంటే ముఖం కలవాలి. దొంగ ఖాతాలకు అదే ఆఖరు. చప్పట్లు ఎంతకీ ఆగకపోవడంతో మంత్రిగారే చెయ్యెత్తి ఆపారు. ఆపిన తర్వాత మళ్ళీ మోగాయి.

నేను ఆ ప్రభుత్వ బ్యాంకు హెడ్డాఫీసు కంప్యూటర్ సెక్షన్లో కాంట్రాక్టు ప్రోగ్రామర్ని. ఫోటోలు లోపలికి వచ్చే ఏపీఐ రాసే భాగ్యం నాకు దక్కింది. ఏపీఐ అంటే, యాప్ వచ్చి తడితే బ్యాంకు సర్వర్ తెరిచే కిటికీ అనుకోండి.

మర్నాడు మంత్రిగారి గదిలో సమావేశం. జనరల్ మేనేజరుగారు నన్ను వెంటబెట్టుకెళ్ళారు. రేపు ఏదైనా తేడా వస్తే వేలు పెట్టి చూపించడానికి ఒక మనిషి ఉండాలి కదా.

"రెండు పనులుంటాయి సార్" అన్నాను. "మొదట ఫోటో అప్‌లోడ్ చెయ్యాలి. సర్వర్ దాన్ని దాచుకుని ఒక నంబరిస్తుంది. తర్వాత ఆ నంబరు పంపి, ఇదే ఈ ఖాతా ఫోటో అని సెట్ చెయ్యాలి. సెట్ చేస్తేనే కనబడుతుంది."

మంత్రిగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. వారు ఆలోచించేటప్పుడు ఆ గదిలో ఎవరూ దగ్గనైనా దగ్గరు.

"మొదటిది ఎవరైనా చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు సార్. జనమే ఫోన్లోంచి చేసుకుంటారు."

"రెండోది?"

"అదీ అంతే సార్, ఒక్క సెకను పని."

"సెకనులో ఎలా చేస్తారయ్యా? ఇది ఫలానా మనిషి ముఖమే అని ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న విషయమా? అది విధాన నిర్ణయం. కమిటీ వెయ్యండి."

అంత లోతు నాకు తట్టనందుకు సిగ్గుపడ్డాను. ఏడుగురితో కమిటీ పడింది. అప్‌లోడ్ మా సెక్షన్‌ది, సెట్ కమిటీది.

"మరి కమిటీ తేల్చేదాకా ఖాతాల్లో ఏం కనబడుతుంది?" అని మంత్రిగారు అడిగారు. లాప్‌టాప్ తిప్పి చూపించాను. బూడిదరంగు తల, కింద భుజాలు. కళ్ళూ ముక్కూ లేవు.

మంత్రిగారు నొచ్చుకున్నారు. "చూసినవాళ్ళేమనుకుంటారు? నా పాలనలో జనానికి ముఖం లేకుండా పోయిందనుకోరూ?"

మంత్రిగారి పీఏను సచివాలయమంతా నీడ అంటుంది. ఆ నీడ ఒకడుగు ముందుకొచ్చాడు. "అందాకా తమరి ఫోటో పెడితే సరిపోతుంది సార్."

"వద్దయ్యా. నాకు ప్రచారం గిట్టదని నీకు తెలుసుగా" అన్నారు మంత్రిగారు.

నీడ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. అందులో నలభై రెండు ఫోటోలున్నాయి. ఎంపికకు గంటన్నర పట్టింది. అంతసేపూ మంత్రిగారు వద్దంటూనే ఉన్నారు.

ప్రారంభోత్సవం నాడు వేదిక మీద తొలి ఫోటో మంత్రిగారే అప్‌లోడ్ చేశారు. వెనక పెద్ద తెర మీద ఒకటి అనే అంకె పడింది. నెల తిరక్కుండా అది కోటి దాటింది. పత్రికలన్నీ ఆ అంకెను మొదటి పేజీలో వేశాయి. దాని పక్కనే సెట్ అయినవాటి లెక్క కూడా చూపించేలా నేను రాశాను. అక్కడ సున్నా ఉంది. నీడ ఆ సున్నా మీద పథకం చిహ్నాన్ని అంటించమన్నాడు. అంటించాను, అందంగానే ఉంది.

కౌంటర్ల దగ్గర గొడవ అవుతోందని కబురొచ్చినప్పుడు మంత్రిగారు మందీమార్బలంతో ఆకస్మిక తనిఖీకి ఒక బ్రాంచికి వెళ్ళారు. సామాన్యుడిలా వరసలో నిలబడ్డారు. ముందున్నవాళ్ళను పోలీసులు పక్కకు జరిపారు. గుమస్తా తెర చూసి, మంత్రిగారి ముఖం చూసి, "కలిసింది సార్" అన్నాడు.

"ఎక్కడుందయ్యా సమస్య? నాకు ఒక్క చూపులో కలిసిందే" అని మంత్రిగారు విలేకరుల వైపు తిరిగారు. "జనం కూడా కాస్త సహకరించాలి. కౌంటరు దగ్గరికొచ్చేటప్పుడు ముఖం సరిగ్గా పెట్టుకోవాలి."

ఆ వారమే మా పిన్ని నన్ను వెతుక్కుంటూ ఆఫీసుకొచ్చింది. పిన్ని బట్టలు కుడుతుంది. నా బడి చొక్కాలన్నీ ఆవిడ కుట్టినవే. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరి, ఆర్నెల్లుగా సూదిలో దారం పక్కింటివాళ్ళ చేత ఎక్కించుకుంటోంది. గుండీలు చేతితో తడుముకుని కుడుతోంది. కుడికన్ను ఆపరేషనుకు ఆస్పత్రివాళ్ళు గురువారం రమ్మన్నారు. ఆ రోజు తప్పితే మళ్ళీ నాలుగు నెలల తర్వాతే. దాచుకున్న డబ్బు తీసుకుందామని బ్యాంకుకెళ్తే ఇవ్వలేదు.

"ఏమన్నాడు పిన్నీ?"

"నా ముఖం కలవలేదన్నాడురా. ఎవరితో కలవలేదు నాయనా అనడిగా. తెర తిప్పి చూపించాడు. నాకు కళ్ళు కనబడవు కదా, ఎవరో మగాయన ఉన్నట్టనిపించింది. ఈయనెవరు బాబూ అంటే, మీరేనమ్మా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మీసం ఉన్నట్టుంది కదా అన్నా. అందుకే ఇవ్వడం లేదమ్మా అన్నాడు. మర్యాదస్తుడేలే, మంచినీళ్ళిచ్చాడు." పిన్ని కుర్చీ చెయ్యి తడుముకుని కూర్చుంది. "ఫోటో నెల కిందటే ఎక్కించావుగా. మళ్ళీ దిగాలంటావా?"

గోడ మీద క్యాలెండరు చూశాను. మంగళవారం. కమిటీ అధ్యక్షుడికి ఫోన్ చేశాను. ముఖం అనే మాటకు నిర్వచనం మీద సభ్యుల మధ్య చర్చ నడుస్తోందని, చెవులు అందులోకి వస్తాయా రావా అన్నది పై నెలలో తేలుతుందని ఆయన ఓపిగ్గా చెప్పారు.

భోజనాల వేళకు సెక్షన్ ఖాళీ అయింది. పిన్ని ఫోటో నంబరు వెతికి తీశాను. అది పంపి, ఇదే ఈ ఖాతా ఫోటో అని ఒక్క వరస కొట్టాను. పట్టుబడితే ఉద్యోగం ఊడుతుంది, కేసు కూడా పెడతారు. "అయింది" అని సర్వర్ జవాబిచ్చింది. సెకను కూడా పట్టలేదు.

గురువారం పిన్ని కన్ను ఆపరేషన్ అయింది.

శుక్రవారం జనరల్ మేనేజరుగారు నన్ను పిలిచారు. ఎదురుగా మంత్రిగారు, వారి వెనక నీడ. బల్ల మీద నివేదిక. సెట్ అయినవి: ఒకటి.

"ఇది ఎవరి పని?" అని మంత్రిగారు అడిగారు.

"నాదే సార్."

"ఏమైనా తప్పు దొర్లిందా అందులో? ఫోటో సరిగ్గా కనబడుతోందా?"

"కనబడుతోంది సార్."

మంత్రిగారు లేచి నా భుజం తట్టారు. ఆ సాయంత్రమే విలేకరులను పిలిచి, ఇంతవరకు సెట్ అయిన ఫోటోల్లో నూటికి నూరు శాతం విజయవంతమయ్యాయని చెప్పారు. మర్నాడు అన్ని పత్రికల్లోనూ అదే శీర్షిక. ఏ దేశమూ సాధించలేదట.

ఆ తర్వాత మంత్రివర్గంలో మార్పు జరిగింది. మంత్రిగారు మాజీ అయ్యారు. కొత్త మంత్రిగారు కుర్చీలో కూర్చున్న మొదటి గంటలోనే ఒక ఫైలు మీద సంతకం చేశారు. ఆ ఫైలు తిరిగి తిరిగి నా బల్ల మీదికొచ్చింది. పెన్‌డ్రైవ్ తెచ్చినవాడు నీడే. ఒక్క ఫోటో మార్చాను. కోటి ఖాతాల్లో మారింది.

పిన్ని ఎడమకన్ను ఆపరేషనుకు డబ్బు తీయడానికి మొన్న తనతో బ్రాంచికెళ్ళాను. వరసలో మా ముందు మాజీ మంత్రిగారున్నారు. ఒక్కరే వచ్చారు. సంచీ కూడా వారే పట్టుకున్నారు.

గుమస్తా తెర చూశాడు, వారిని చూశాడు. "మీ ముఖం కలవడం లేదండీ."

"నేనెవరో తెలియదా నీకు?"

"తెలుసండీ. కానీ నాకు తెలిస్తే లాభం లేదు, తెరలో ఉండాలి."

"ఈ దేశంలో అందరికంటే ముందు ఫోటో ఎక్కించింది నేనయ్యా."

"ఎక్కిందండీ" అన్నాడు గుమస్తా. "కమిటీ దగ్గరుంది."

మాజీ మంత్రిగారు సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని పక్కకు జరిగారు. పిన్ని ముందుకెళ్ళింది. గుమస్తా ఒకసారి తెర చూసి, ఒకసారి తలెత్తి చూసి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. పిన్ని సంతకం పెట్టి, చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లు దిగి వెళ్ళింది.

మాజీ మంత్రిగారు ఆవిడ గుమ్మం దాటేదాకా చూశారు. తర్వాత నా దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగారు.

"ఆవిడ ఏ శాఖ మంత్రి?"