లడ్డూకి డౌన్ నంబరు

వంద రోజుల్లో గోల్‌బజార్ తిండిని కల్తీ లేకుండా కడిగేస్తానని వార్డు ఆహార శుద్ధి కమిటీ అధ్యక్షుడు రామనాథం మైకులో ప్రకటించాడు. నలభై ఏళ్లు రైల్వే కంట్రోల్ ఆఫీసులో కూర్చుని బండ్లు నడిపించిన మేధావి. ఆయనకి మిఠాయి ఒక లెక్కా? శుద్ధి కాని కొట్టుకి కమిటీ తాళం వేస్తుందన్నాడు.

లడ్డూల స్వర్ణకుమారికి ఆ బజార్లోని మిఠాయి కొట్టే బతుకు. గాలివాటం చూసి తూర్పారబట్టుకోవాలన్నది ఆమె వ్యాపార సూత్రం.

మర్నాడే తనిఖీ. రామనాథం ఆమె రంగు డబ్బా తిప్పి చూశాడు. లోపలున్న రంగేదో తెలిపే నంబరు దాని మీద అచ్చయి ఉంది: 102.

“సరి అంకె. అంటే రైల్వే లెక్కలో అప్ బండి. తిన్నోడి బీపీ పైకెళ్లిపోద్ది. అన్‌ఫిట్!”

“మరి బేసి అంకైతే, బాబూ?”

“డౌన్. బీపీ దిగిపోద్ది.”

కమిటీ చప్పట్లు కొట్టింది. ఇంత తేలికైన వైద్యం డాక్టర్లకి ఇన్నాళ్లూ తట్టకపోవడం దేశ దురదృష్టం.

స్వర్ణకుమారి రంగు మానేసింది. మర్నాడు పాలిపోయిన లడ్డూలు చూసి రామనాథం ఉలిక్కిపడ్డాడు.

“వీటి నంబరేదీ?”

“ఏటీ కలపనేదు బాబూ. శెనగపిండి, పంచదార, నెయ్యి.”

“నంబర్లేని బండిని లైన్లోకి ఎలాగొదుల్తామే? యాక్సిడెంటైతే జవాబెవడు?” అంటూ జేబులోంచి తాళం తీశాడు.

వాదిస్తే తాళం, తలూపితే బేరం. స్వర్ణకుమారి తలూపింది.

“పోనీ, 102 అప్‌లో 211 డౌన్ కూడా కలిపేస్తాను బాబూ. రెండూ కడుపులో క్రాసింగైపోవా?”

రామనాథం కళ్లు చెమర్చాయి. “కంట్రోల్ ఆఫీసులో ఉండాల్సినదానివే నువ్వు!”

211 అంటే నిల్వ మందు. సాయంత్రానికి అమ్ముడైపోయే లడ్డూకి దాంతో పనే లేదు. అయినా కలిపింది. పక్క కొట్టు యజమాని తీతు తన జిలేబీలో ఏకంగా ఆరు నంబర్లు కలిపి ఎక్స్‌ప్రెస్ హోదా కొట్టేశాడు.

వందో రోజు సభ. కెమెరాల ముందు స్వర్ణకుమారికి శుద్ధి పత్రం ఇచ్చారు. ఆమె లడ్డూ అందించబోతే రామనాథం మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

“నాకొద్దమ్మా. ఆ పసుపు రంగు తింటే నాకు ఒళ్లంతా దద్దుర్లు. డాక్టరు వద్దన్నాడు. ఏటీ కలపనిదొకటి తేలేవా?”

“అమ్మో! అది అమ్మితే కొట్టుకి తాళమే కదా బాబూ!” అంటూ ఆమె లడ్డూ ఆయన నోట్లో పెట్టేసింది.

మర్నాటి పేపర్లో ఫోటో మొదటి పేజీలోనే వేశారు. రెండు చేతులా జనానికి నమస్కరించవలసిన నాయకుడు రెండు చేతులా గోక్కుంటున్నాడు.