ఉడుత పాతిపెట్టిన పదకొండు దారులు

ఈ కథ నాకు మొదట చెప్పింది సున్నపుబట్టీ లింగమూర్తి. వాడి తమ్ముడు ఇది నక్క కథ అని చెప్పుకు తిరుగుతున్నాడు. నక్క కాదు, ఉడుత. ఆ ముక్క దగ్గరే ఆ తమ్ముడూ నేనూ మాట్లాడుకోక తొమ్మిదేళ్లయింది.

ఒక పెద్ద అడవిలో మనసుల చదువుకు ఒక విద్యాపీఠం ఉండేది. దాని పెద్ద ఒక గుడ్లగూబ. అక్కడ డాక్టరు పట్టా పుచ్చుకుంటే ఏ జంతువు ఎందుకు దిగులు పడుతుందో చెప్పొచ్చట. ఏటా రెండే సీట్లు, అరవై అర్జీలు. మూడుసార్లు కాదంటే ఇక జన్మలో అర్జీ పెట్టకూడదు. ఉడుతకు అది మూడోసారి.

ఉడుతలు కాయలన్నీ ఒకే చోట దాచవు కదా. సీటు రాకపోతే ఏం చెయ్యాలో ఇది పదకొండు దారులు ఆలోచించి, ఒక్కో ఆకు మీద ఒక్కోటి రాసి, పదకొండు చోట్ల పాతిపెట్టింది.

ఇంటర్వ్యూలో గుడ్లగూబ కళ్లు మూసుకునే అడిగింది. "సీటు రాకపోతే ఏం చేస్తావమ్మాయ్?"

"పదకొండు దారులున్నాయండీ."

"అంటే ఈ చదువు మీద నీకు నమ్మకం లేదన్నమాట."

అర్జీ కొట్టేసింది. తర్వాత వచ్చిన కుందేలు తనకు వేరే దారే లేదని ఏడ్చింది. ముందుచూపు లేనిదానికి మనసుల చదువెందుకని దాన్నీ కొట్టేసింది.

అసలు సంగతి వేరు. ఎంతమందిని తిప్పి పంపితే అంత గొప్ప చదువని సింహం మెచ్చుకుంటుందని గుడ్లగూబ ఆశ. అందుకని ఆ ఏడు అరవైకి అరవై మందినీ పంపేసి, ఆ అంకె గుమ్మం మీద రాయించుకుంది.

ఉడుత వెళ్లి ఆకుల కోసం తవ్వింది. ఉడుత జాతి కదా, పది ఎక్కడ పాతిందో మరిచిపోయింది. దొరికిన ఒక్కదాని మీద, ఏమీ తోచక ఆఖర్న రాసుకున్న మాట ఉంది: చెట్టు కింద కూర్చుని ఎవరేం చెప్పినా వినడం. ఆ రోజంతా ఆ ఆకు పట్టుకుని ఏడ్చి, తెల్లారి ఇప్పచెట్టు కింద కూర్చుంది.

ముందు కుందేలు వచ్చింది. దాని వెనకే మిగతా యాభై ఎనిమిది మంది. విని విని, ఏ జంతువు ఎందుకు దిగులు పడుతుందో ఉడుతకు తెలిసిపోయింది. అందరి దిగులుకూ కారణం ఒక్కటే, అది పగలు కళ్లు మూసుకుంటుంది.

ఇంతలో సింహం తనిఖీకొచ్చింది. గుమ్మం మీది అంకె చూసి మెచ్చుకుంది. "మరి చదివేదెవరు?" అంది. పీఠానికి తాళం పడింది.

మర్నాడు గుడ్లగూబ ఇప్పచెట్టు దగ్గరికొచ్చింది. "నాకు వేరే దారి లేదు ఉడుతమ్మా," అంది.

"ఇక్కడ ఎవర్నీ తిప్పి పంపమండీ. మీ ముందు యాభై తొమ్మిది మంది ఉన్నారు, అంతే," అంది ఉడుత.

నీతి ఏమిటంటే, పట్టా కావాలంటే సీటు రావాలి, పని రావాలంటే సీటు పోవాలి.

తన వంతు వచ్చేలోగా గుడ్లగూబ వెళ్లి పీఠం గోడ మీద 'ఉడుత మా శిష్యురాలే' అని రాసుకుందట. అది ఇంకా అలాగే ఉంది. అటు వెళ్లేవాళ్లెవరైనా దాన్ని చెరిపి, మూడుసార్లు కాదన్నామని రాయండి. వచ్చేదారిలో లింగమూర్తి తమ్ముడికి కూడా నక్క కాదని చెప్పండి. నేను మాట్లాడను.