నలభైకి చచ్చిపోవాల్సిన తల్లి

కొత్త ఉద్యోగంలో మొదటి రోజుకి జగదీశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఆరింటికి ఫిల్మ్ నగర్ స్టూడియోకి వెళ్లడం, రెండింటి దాకా కెమెరా పక్కన నిలబడి హీరోయిన్‌కి డైలాగులు అందించడం, అంకె అన్నది కంటపడకుండా యూసుఫ్‌గూడ తిరిగి రావడం. అంకెలంటే అతనికి చిన్నప్పటి నుంచీ చెమటలు. ఆ చెమటల్లోనే సూపర్ మార్కెట్ కౌంటరూ, బస్సు కండక్టరీ రెండూ కొట్టుకుపోయాయి.

"గిది గూడ పోతే మా తమ్ముని గోడౌన్ల బస్తాలు లెక్కవెట్టుడే నీ పని," అని టిఫిన్ డబ్బా చేతికిస్తూ చెప్పింది భార్య పూజిత.

"గాడ లెక్కలుండయ్. చూసి చదువుడే. నర్సన్న జెప్పిండు."

నర్సన్న అంటే ఎదురింటి బాలనర్సయ్య. సినిమాల్లో పైపుతో వాన కురిపించే మనిషి. ఈ పని ఇప్పించింది ఆయనే.

సెట్లో తల్లి చనిపోయే సీను. మంచం మీద సీనియర్ నటి శేషారత్నం. ముంబై నుంచి వచ్చిన హీరోయిన్ ఆరు టేకులు తిన్నా ఒక్క తెలుగు మాటకీ నోరు తిరగలేదు. డైరెక్టర్ రవిచంద్ర జగదీశ్ చేతిలో కాగితం లాక్కుని విసిరేశాడు.

"డైలాగొద్దు, అంకెలు చెప్పించవయ్యా. నువ్వు ఒకటీ రెండూ అంటుంటే ఆవిడ అవే అంటూ ఏడుస్తుంది. మాటలు డబ్బింగ్‌లో వేసుకుందాం. శేషారత్నంగారూ, కూతురి తల మీద మీ చెయ్యి. నలభై అనగానే చెయ్యి వాల్చి ప్రాణం వదిలేయండి. యాభైకి కిటికీ బయట వాన."

"సార్, నాకు అంకెలంటే జర..." అన్నాడు జగదీశ్.

"యాభై దాకా కూడా రావా?"

గోడౌన్ కళ్లముందు కదిలింది. "వస్తయ్ సార్," అన్నాడు.

ముప్పై తొమ్మిది దాకా దేవుడున్నాడు. ఆ పైన ఏముంటుందో ఎంత వెతికినా దొరక్క, తెలిసిన ఇరవై దగ్గరికి వెనక్కి వచ్చేశాడు. హీరోయిన్ కూడా ఏడుస్తూ ఇరవై అంది. మళ్లీ ముప్పై తొమ్మిది, మళ్లీ ఇరవై. తెలుగువాళ్ల లెక్కలు ఎప్పటికీ అయిపోవేమోనని మూడో చుట్టుకి ఆ అమ్మాయికి నిజంగానే ఏడుపొచ్చింది. వారం రోజుల షూటింగ్‌లో గ్లిజరిన్ లేకుండా ఆమె ఏడవడం అదే మొదలు కాబట్టి, రవిచంద్రకి కట్ చెప్పబుద్ధి కాలేదు.

"నలభై అను నాయనా, చెయ్యి లాగేస్తోంది," అని పెదవులు కదలకుండా గొణిగింది శేషారత్నం. జగదీశ్ వినే స్థితిలో లేడు. నాలుగో చుట్టులో, ఇరవై ఆరు దగ్గర, ఆవిడ విసుగెత్తి చచ్చిపోయింది.

కిటికీ అవతల కునుకు తీస్తున్న బాలనర్సయ్య ఉలిక్కిపడి కళ్లు తెరిచి, ఆవిడ చెయ్యి వాలి ఉండటం చూశాడు. నలభై దాటింది, యాభై కూడా అయిపోయి ఉంటుందని కంగారుపడి పైపు కుళాయి పూర్తిగా తిప్పేశాడు. వాన కిటికీలోంచి నేరుగా శవం మొహం మీద పడింది. "ఓరి నాయనో, చన్నీళ్లు," అంటూ శవం లేచి కూర్చుంది. హీరోయిన్ కెవ్వుమని ఆవిణ్ణి వాటేసుకుంది.

కట్ అన్నారు. జగదీశ్ మెడలో ఐడీ కార్డు తీసి చేతిలో పట్టుకున్నాడు. పాడు అంకెలు ఇక్కడికీ వెంటపడ్డాయని అతనికి దుఃఖం ముంచుకొచ్చింది.

రవిచంద్ర దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

"కూతురి కన్నీళ్లకి వాన కురిసింది, తల్లి లేచి కూర్చుంది. నెల్లాళ్లుగా ఇంటర్వెల్ సీను దొరక్క చస్తున్నానయ్యా. ఇలా చెయ్యమని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవ్వల్ జెప్పలే సార్. గట్లయింది."

"నిన్ను ప్రాంప్టింగ్‌లో వృథా చేస్తున్నాం. రేపట్నుంచి క్లాప్ బోర్డు నీది. సీను నంబరు, షాటు నంబరు, టేకు నంబరు, అన్నీ నువ్వే రాసి గట్టిగా చదవాలి."

సెకండాఫ్‌లో కూడా బతకబోతున్న శేషారత్నం, తల తుడుచుకుంటూనే తన టీ కప్పు అతనికిచ్చి చల్లగా ఉండమని దీవించింది.

షిఫ్టు ముగిసి గేటు బయటికి రాగానే జగదీశ్ బావమరిదికి ఫోన్ చేసి, గోడౌన్‌లో బస్తాలు ముప్పై తొమ్మిది దాటవు కదా అని అడిగాడు.