జూలుశ్రీ తైలం: వాడకముందు, వాడిన తర్వాత

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ సుఖంగా ఉండేవని మొదలుపెడదామనే నాకూ ఉంది. కానీ అప్పటికే అడవికి టీవీ వచ్చేసింది, ఏం చేస్తాం!

ఆ టీవీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే మొహం. బెకబెకయ్య అనే కప్ప. మెరుపుల కోటు వేసుకుని, గొంతు బుడగలా ఉబ్బించి, "ఆగండి! ఆగండి! ఇంకా అయిపోలేదు!" అని అరిచేవాడు. మొన్న ఏనుగులకి నడుము సన్నబడే బెల్టు అమ్మాడు. నిన్న నత్తలకి పరుగు బూట్లు అమ్మాడు. ఇవాళ జుట్టు మొలిపించే జూలుశ్రీ తైలం. సీసాలో ఉన్నది వాడుండే కుంటలో పాచే. ఒంటిమీద ఒక్క వెంట్రుకైనా లేనివాడు జుట్టు నూనె అమ్మడమేమిట్రా అని ఒక్క జంతువైనా అడిగిందా? అడగలేదు.

కెమెరా పట్టుకునేది కొంగ. మామూలుగా అయితే వాణ్ణి గుటుక్కున మింగేసేదే. నెలనెలా జీతం వస్తోంది కదా అని నోరు కట్టుకుని ఓర్చుకుంటోంది.

తైలం ప్రకటనలో రెండు ఫొటోలు. 'వాడకముందు' అని ఒక బోడి రాబందు. 'వాడిన తర్వాత' అని ఒత్తైన జూలున్న సింహం.

గుహలో టీవీ చూస్తున్న కేసరి మహారాజు ఆ ఫొటో చూసి లేచి కూర్చున్నాడు. పాపం, వయసు మీదపడి ఆయన జూలు పలచబడిపోతోంది.

"ఎవడే వీడు, అచ్చం నాలాగే ఉన్నాడు!"

"మీరేనండీ. మన పెళ్ళిచూపుల నాటి ఫొటో," అంది ఆయన భార్య సింహాద్రమ్మ.

"అయితే మంచి మందేనన్నమాట. నాకు పనిచేసిందిగా!"

సింహాద్రమ్మ నెత్తి కొట్టుకుంది. "సరే, రాసుకోండి. కానీ ఒక్క మాట. జూలుంది, రాజుగారు కదా అని ఇన్నాళ్ళూ నేనే వేటాడి తెచ్చి కూర్చోబెట్టి మేపాను. ఆ జూలు కాస్తా పోయిందా, మీ తిండి మీరే తెచ్చుకోవాలి."

మహారాజుకి గుండె జారింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క కుందేలునైనా పట్టిన మొహం కాదు మరి. పూటకో సీసా చొప్పున వారం రోజులు రుద్దించుకున్నాడు. పాచికి దురద పుట్టింది. గోకాడు, గోకాడు. ఎనిమిదో రోజుకి నెత్తి గుమ్మడికాయలా నున్నగా తేలింది.

గర్జించుకుంటూ వెళ్ళి స్టూడియోలో పడ్డాడు. ప్రోగ్రాం లైవులో నడుస్తోంది. పంజా ఎత్తి, "ఒరే కప్పా! నా జూలేదిరా?" అన్నాడు.

బెకబెకయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఆ దీపం వెలిగితే చాలు, వాడి నోరు దానంతటదే ఆడుతుంది.

"ఆగండి! ఆగండి! ఇంకా అయిపోలేదు!" అంటూ రాబందు ఫొటో పీకి పారేసి, ఆ చోట సింహం ఫొటో పెట్టాడు. సింహం ఫొటో ఉన్న చోట మహారాజుని నిలబెట్టాడు. "వాడకముందు ఇంత బొచ్చు! వాడిన తర్వాత ఇంత నునుపు! పేలు లేవు, చెమట లేదు, దువ్వెనతో పని లేదు! బొచ్చు ఊడగొట్టే అసలు సిసలు రాజతైలం!"

అంతే, ఫోన్లు మోగిపోయాయి. ఎలుగుబంటి నాలుగు సీసాలు చెప్పింది. "రాజుగారే గుండైతే మనమెంత!" అని అడవిగొర్రెలు మందకి మంద బారులు తీరాయి. ఆ సందడి చూసి మహారాజు పంజా దించాడు. "నిజమేరోయ్, గాలి బాగా తగులుతోంది," అని నెత్తి నిమురుకున్నాడు.

హమ్మయ్య, బతికిపోయాననుకున్నాడు బెకబెకయ్య.

మహారాజు ఇంటికెళ్ళేసరికి గుహ ముందు సింహాద్రమ్మ తోక ఝాడిస్తూ నిలబడి ఉంది. "టీవీలో చూశాను. కావాలనే గుండయ్యారటగా! ఇక వెళ్ళండి వేటకి."

మూడు రోజులు తిరిగాడు పాపం. జింక దొరకలేదు. కుందేలైతే ఆగి, వెనక్కి తిరిగి నవ్వి మరీ పారిపోయింది. నాలుగో రోజు ఆకలికి కళ్ళు తిరుగుతుంటే స్టూడియో కనిపించింది. ఆయన్ని చూసి పారిపోని జంతువు అడవి మొత్తం మీద అక్కడ ఒక్కటే ఉంది.

"రండి రండి మహారాజా! ఆగండి, ఇంకా అయి..."

అయిపోయింది.

మహారాజు కెమెరా వైపు తిరిగి తనకొచ్చిన పాఠం అప్పజెప్పాడు. "వాడకముందు, ఆకలి. వాడిన తర్వాత..." అని బ్రేవ్‌మని త్రేన్చాడు.

కొంగ మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది. "అయ్యో, జీతానికి ఆశపడి నోటి దగ్గర కూడు పోగొట్టుకున్నానే!"

నీతి: ఎంత పనికిరాని సరుకైనా అమ్ముకోవచ్చు గానీ, అమ్మేవాడు తినడానికి పనికొచ్చేలా ఉండకూడదు.