రేగుబండ ఉపదేశి పాపసంకీర్తన సంగ్రామం

సకల పునీతుల సభకు సాష్టాంగపడి, ఆ పునీతులలో ఒకప్పుడు నోరు జారి పిమ్మట నాలుక కరుచుకున్నవారికి మరొక్క నమస్కారం అదనంగా సమర్పించి, చెప్పబూనిన వీరకథ యిది. కిన్నెరసాని యెండి యిసుకతిన్నెగా మిగిలిన వేళ, ఇప్పచెట్లు తెల్లవారుజామున తేనెవాసనల పూలవాన కురిపించి పగలంతా అలసి నిలిచిన వేళ, ఇల్లందు బొగ్గు లారీలు లేపిన ధూళి మోదుగాకుల మీద మసిగుడ్డలా పరుచుకున్న వేళ, వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనభైనాలుగవ సంవత్సరపు పవిత్ర వారంలో, బుధవారం నాడు, ప్రచండ మార్తాండుడు నడినెత్తిన నిలిచి చూస్తుండగా, రేగుబండ అనే నలభై గడపల అటవీసీమలో, పెంకుల గుడి వరండాలో ఒక మహాసంగ్రామం జరిగింది. కత్తి దూసినవాడు లేడు. చెమట మాత్రం ధారలు కట్టింది.

ఆ సంగ్రామ నాయకుడు ఉపదేశి ఇన్నాసయ్య. నెలకొక్కసారి మాత్రమే ఫాదర్‌గారు వచ్చి పూజ చేసే ఆ పల్లెలో, మిగిలిన రోజులన్నీ జపాలు చెప్పించేవాడు, జ్ఞానోపదేశం నేర్పేవాడు, పీనుగు లేచిన యింట ప్రార్థన పలికేవాడు ఆయనే. ధవళధోవతీధారి, నల్లగొడుగు ధరించిన గంభీరమూర్తి, కంచుకంఠుడు. పాపసంకీర్తనానికి, అనగా ఫాదర్ చెవిన పాపాలు ఒప్పుకోవడానికి, కావలసిన అయిదు విధులను అయిదు వేళ్ళెత్తి ఇరవైరెండేళ్ళుగా బోధించినవాడు. అందులో మొదటిదైన ఆత్మపరిశోధన గురించి ఆయన మాట్లాడుతుంటే ముసలివాళ్ళు సైతం జంకి, చిన్ననాడు దొంగిలించిన సీతాఫలాలను జ్ఞాపకం చేసుకునేవారు. ఊరివారి పాపాలన్నీ ఇన్నాసయ్యకు కంఠస్థం. తనవి మాత్రం యెంత వెదికినా రెండే దొరికేవి.

"జపంల పరాకు పడ్డ ఫాదర్. రెండుసార్లు కోపపడ్డ."

ఇరవైరెండేళ్ళుగా ప్రతి పాస్కా పండుగకూ, అనగా ఈస్టరుకూ, ముందు ఆయన అప్పగించిన పాఠం యిదే. చెవులు మందగించిన పెద్దఫాదర్‌గారు ప్రసన్నవదనంతో మూడు మంగళవార్త జపాలు ప్రాయశ్చిత్తం విధించి ఆశీర్వదించేవారు. నిమిషంలో లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ, వరుసలో నిలబడ్డ పాపాత్ములను జాలిగా చూస్తూ ఇన్నాసయ్య వెళ్ళిపోయేవాడు.

అయితే ఆ యేడు క్రిస్మసు తర్వాత పెద్దఫాదర్‌గారు విశ్రాంతికి వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో మధిర ప్రాంతం నుండి ఫాదర్ రాయప్పగారు వచ్చారు. ముప్ఫైయేళ్ళ యువకుడు, రాజదూత్ మోటారుసైకిల్ మీద తిరిగేవాడు, రెండు చెవులూ బాగా వినపడేవాడు. ఆ బుధవారం వరండా చివర కుర్చీ వేసుకుని, పక్కన వెదురుతడక అడ్డు పెట్టుకుని కూర్చున్నారు. తడక కివతల, అలవాటుగా అందరికన్నా ముందు, ఉపదేశి మోకరించాడు. తడక దగ్గరి గుసగుస వినపడనంత దూరంలో, వీపు మాత్రం కనపడేటట్టుగా, ముప్ఫైమంది తమ వంతు కోసం నిలబడ్డారు.

ఇన్నాసయ్య పాఠం అప్పగించాడు. "ఇంతే ఫాదర్" అని తల వంచాడు. ఆశీర్వాదం వస్తుందని ఒక మోకాలు నేలనుండి లేపాడు కూడా.

"ఎవరి మీద కోపపడ్డారు, ఉపదేశిగారూ?"

ఆ మృదువైన ప్రశ్న, వింటి నుండి వెడలిన నిశితబాణంలా తడక సందుల్లోంచి వచ్చి, ఇరవైరెండేళ్ళలో యెన్నడూ దెబ్బతినని ఆ విశాలవక్షాన్ని తాకింది. లేచిన మోకాలు మళ్ళీ నేలకానింది.

"మా ఇంటామె తెరేసమ్మ మీద ఫాదర్. కానీ తప్పు ఆమెదే. పూజకు పొయ్యేటప్పుడే గొడుగు యాడ పెట్టిందో..."

"ఆవిడ పాపాలు ఆవిడ చెప్పుకుంటుందిలెండి. మీవి చెప్పండి."

"ఊరే గట్ల తయారైంది ఫాదర్. తపస్సుకాలం శుక్రవారం, మాంసం ముట్టగూడని నాడు, గా పోతయ్య కోడి కోసిండు. నేను అడిగితే..."

"పోతయ్య మీ వెనకాలే నిలబడ్డాడు. ఆయన్నే అడుగుతాను. మీవల్ల ఈ యేడాది ఎవరి మనసైనా నొచ్చుకుందా? తొందరేం లేదు, ఆలోచించుకోండి."

అంతట ఇన్నాసయ్య, ఇతరులను పంపడమే గాని తానెన్నడూ అడుగుపెట్టని ఆత్మపరిశోధన మహారణ్యంలోకి, తోడెవ్వరూ లేకుండా ప్రవేశించాడు. మొదట తాను కట్టించిన గుడిగోడ కనపడింది. తాను నేర్పిన జపాలు కనపడ్డాయి. తాను సాగనంపిన పీనుగులు వరుసగా లేచి చేతులు జోడించాయి. తృప్తిగా వెనుదిరగబోతుండగా, దారికడ్డంగా ఒక స్త్రీ కనపడింది. నెత్తిన ఇప్పపూల గంప, నుదుట చెమట, పెదవులమీద జపం. జంపక్క!

జంపక్క ఊరి చివర గుడిసెలో వుండే కోయ వితంతువు. అక్షరం రాదు. ఒక్క వానకాలంలో జపాలన్నీ చెవితో విని నేర్చింది. కిందటి భాద్రపదంలో ఇన్నాసయ్యకు చలిజ్వరం తగిలి మంచం పట్టినప్పుడు, తొమ్మిది రోజులు గుడిలో జపమాల చెప్పించింది ఆమే. ఆమె గొంతు విని, యేనాడూ గుడి మెట్టెక్కనివాళ్ళు సైతం వచ్చి కూర్చున్నారు. జ్వరం తగ్గి ఉపదేశి లేచిన నాడు పోతయ్య ప్రేమగానే అన్నాడు: "ఇంకో వారం పండుకోరాదే ఉపదేశీ, జల్దేముంది?"

ఆ మాట ములుకై గుచ్చుకుంది. మరుసటి నెల ఇన్నాసయ్య పెద్దఫాదర్‌గారి చెవి దగ్గర గట్టిగా అరచి చెప్పాడు: "సదువు రాని మనిషి. అక్షరాలు మింగుతది. జపం ఖరాబైతంది." పెద్దఫాదర్‌గారు సగమే విని, సరేనన్నారు. ఇక చెప్పించవద్దని జంపక్కకు కబురు వెళ్ళింది. ఆనాటి నుండి ఏడు నెలలు ఆమె గుడి ముఖం చూడలేదు. ఇన్నాసయ్య తాను చేసిన పనికి 'దేవుని ఇంటి మీది ఆసక్తి' అని పేరు పెట్టి, లోపల దాచి, తాళం వేశాడు.

ఇప్పుడా తాళం వూడింది.

ఇక్కడ లోపల యుద్ధం మొదలుకాగా, వెనుకనుండి మరొక సేన కదిలింది.

"పావుగంటయింది" అన్నది వరుసలో ముత్తక్క.

"ఉపదేశికే గింత సేపైతే మన గతేంది? పండుగ ఎల్లిపోతది" అన్నాడు పోతయ్య.

"అన్ని పాపాలు యాడ జేసిండో, ఎప్పుడు జేసిండో! మనకు దెల్వనే దెల్వదు" అన్నది వెనకనుండి మరొక గొంతు.

ఆ మాటలు ఇన్నాసయ్య వీపుమీద శరపరంపరలై కురిశాయి. అప్పుడు ఆయన లోపలి అహంకారం సర్వాయుధాలంకృతమై లేచి సింహనాదం చేసింది: "లెమ్ము, ధవళధోవతీధారీ, లెమ్ము! ముప్ఫైమంది చూచుచుండ నీ వీపు పాపాత్ముని వీపయ్యెను! కాళ్ళు తిమ్మిరెక్కెనని చెప్పుము! చలిజ్వరము తిరిగివచ్చెనని చెప్పుము! ఏదో ఒకటి చెప్పి, కీర్తి చెడకముందే యీ రణభూమిని విడువుము!"

కాళ్ళు నిజంగానే తిమ్మిరెక్కాయి. అయినా లేవలేకపోయాడు. ఆ స్త్రీ దారి విడవలేదు.

"ఒకామె జపం సరిగ్గ చెప్పకపోతే ఆపిచ్చిన ఫాదర్" అన్నాడు, గొంతు తగ్గించి.

"సరిగ్గా చెప్పకపోతే ఆపించడం పాపమెందుకవుతుంది?"

మొదటి వ్యూహం భగ్నమైంది. ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నాడు.

"మంచిగనే చెప్పేది ఫాదర్. కానీ సదువు..."

తడక అవతల నిశ్శబ్దం. ఫాదర్‌గారు మందలించలేదు, తొందరపెట్టలేదు. ఆ నిశ్శబ్దం ముందు రెండవ వ్యూహం దానంతటదే చెదిరిపోయింది. ఇన్నాసయ్య నుదురు తడకకు ఆన్చాడు. కంచుకంఠుడైన ఆ మహావక్తకు, పీనుగు దగ్గరా పెళ్ళిలోనూ గంటలకొద్దీ మాట్లాడగల ఆ వాగ్ధాటికి, అప్పుడు దక్కిన మాటలు ఆరంటే ఆరు.

"నాకంటే మంచిగ చెప్పింది. ఓర్వలేకపోయిన ఫాదర్. కుళ్ళుకున్న."

'కానీ' నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించాడు. కంట్లో నీళ్ళు తిరిగాయి. చెమట అనుకుని తుడుచుకున్నాడు.

"ఇదీ మీ పాపం" అన్నారు ఫాదర్‌గారు. ఆ గొంతులో గెలిచిన ధ్వని లేదు, నెమ్మది వుంది. "మంగళవార్తలు మీకు నోటికే వచ్చు, అవి మీకు ప్రాయశ్చిత్తం కావు. ఆమె ఇంటికెళ్ళి, ఇప్పుడు నాతో అన్నమాటే అనండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు." ఆశీర్వదించి పాపవిమోచనం పలికారు.

ఇన్నాసయ్య లేవబోయి తూలాడు. పోతయ్య పరుగున వచ్చి రెక్క పట్టుకున్నాడు. "ఏంది ఉపదేశీ, గంత జమ జేసినవా?" వరుసంతా నవ్వింది. మరొకనాడైతే పోతయ్య కోడి మాట అందరి ముందూ యెత్తేవాడే. ఆ నాడు "అవ్ పోతయ్యా" అని మాత్రం అని, మండుటెండలో ఊరి చివరకు నడిచాడు.

జంపక్క ముంగిట్లో వెదురుతట్టి మీద ఇప్పపూలు ఆరబోస్తోంది.

"ఏంది ఉపదేశయ్యా, గింత ఎండల వచ్చినవ్? నీళ్ళు దాగు."

సొరబుర్రతో నీళ్ళిచ్చింది. తాగాడు. బుర్ర తిరిగి యివ్వడం మరచి చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"జంపక్కా, నిన్ను జపం చెప్పనియ్యొద్దని పెద్దఫాదర్‌కు చెప్పింది నేనే."

"ఎరుకే" అన్నది, పూలను అటూ యిటూ కదుపుతూ. "పెద్దఫాదర్ చెవిల నువ్వు గట్టిగ అరిచినవ్ గద. గప్పుడే ఊరంత విన్నరు."

ఏడు నెలలుగా తాను గుహలో దాచాననుకున్నది ఊరంతటికీ తెలుసునని ఇన్నాసయ్యకు అప్పుడు తెలిసింది. గొడుగు ఆన్చి నిలదొక్కుకున్నాడు.

"నువ్వు నాకంటే మంచిగ చెప్తవ్. ఓర్వలేకపోయిన. కుళ్ళుకున్న."

జంపక్క చేతులు ఆగాయి. తలెత్తి ఆయన వంక చూసింది. ఆ చూపులో కోపం కంటె అలసట యెక్కువ.

"గుడిల కూసుంటె ఏడుపొస్తదని రాలే" అన్నది. "గీ ఒక్క మాటకు నీకు ఏడు నెలలు పట్టిందా?"

ఆహా, ఆ క్షణం! చలిజ్వరం మిషగా, పెద్దఫాదర్ చెవుడు సాక్ష్యంగా, పోతయ్య నోటిదురుసు కారణంగా, చదువు, సంప్రదాయం, మర్యాద, సంఘక్షేమం అనే చతురంగ బలాలతో 'కానీ' మహాసేనాధిపతి ఇన్నాసయ్య కంఠద్వారం వద్ద చివరిసారి మోహరించాడు. నోరు తెరిస్తే చాలు, తాను సగం నిర్దోషి. ఆయన నోరు తెరిచాడు.

"పట్టింది" అన్నాడు. నోరు మూశాడు.

జంపక్క ఆయన చేతిలోంచి సొరబుర్ర తీసుకుంది. "సరే. శుక్రవారం సిలువమార్గం జపాలల్ల సగం నుంచి నేను చెప్త. గప్పటికి నీ గొంతు ఆరిపోతది."

"మంచిది" అన్నాడు ఇన్నాసయ్య.

కావున, ఓ కిన్నెరసాని తీరవాసులారా, వినుడు! దిక్కులు పిక్కటిల్ల చాటుడు! ఇరవైరెండేళ్ళ పాండిత్యాన్ని గెలిచి, ముప్ఫైమంది నవ్వును సహించి, రేగుబండ ఉపదేశి ఇన్నాసయ్య ఆ మధ్యాహ్నం మూడక్షరాల మాట నొకదానిని తోక తగిలించకుండా పలికెను! అంతేగాక, జంపక్క గుడిసె మొదలు తన గడప వరకు గల అరమైలు దూరం, దారిలో నలుగురు యెదురైనను, ఎవ్వరి తప్పూ యెంచక, నోరు మూసుకొని నడిచెను!