ఎప్పుడూ ఒక మీటరే

చ్యాంగ్రే నది భూకంపం నుంచి పూర్తిగా కోలుకుందని మంత్రిగారు ఖాట్మండూలో ప్రకటించారు. ఈ సంగతి నదికి ఇంకా చేరలేదు.

చేరకపోవడానికి కారణం సూన్‌మాయా ఘిసింగ్ అని డివిజన్ ఆఫీసు తేల్చింది. పాంగ్రేటార్ వంతెన దగ్గర ఆమె రోజూ పొద్దున్న ఎనిమిదింటికి రెండు పనులు చేస్తుంది. అంకెలు వేసిన ఇనుప పలక మీద నీటి మట్టం చూసి ఫోన్‌లో చెప్తుంది. సీసాకి తాడు కట్టి నది నీళ్లు తోడి, బస్సులో ల్యాబ్‌కి పంపుతుంది. అక్కడ వాళ్లు వడకట్టి, ఎండబెట్టి, మట్టి ఎంతుందో తూస్తారు. భూకంపానికి కొండలన్నీ బీటలు తీశాయి. వాన పడితే చాలు, ఏదో ఒక కొండ నదిలోకి దిగుతోంది. అందుకని సీసాలో నీళ్లకంటే మట్టే ఎక్కువ వస్తోంది. దేశమంతా ముందుకి పోతుంటే ఒక లీటరు సీసా వెనక్కి లాగడం బాగుండదు కదా. డివిజన్ చీఫ్ ధ్రువప్రసాద్ గజురేల్ స్వయంగా జీపులో వచ్చారు.

"బహినీ, ఈ సీసాలో ఏముంది?"

"నది ఉంది సార్."

"నది కాదు, బురదుంది. మనది నీళ్ల శాఖ. సీసాని ఒక పూట కదపకుండా పెట్టు. పైన తేరిన నీళ్లు పంపు, చాలు."

"మరి అడుగున మిగిలింది?"

"నదిలోనే పొయ్యి. దాని సొమ్ము మనకెందుకు?"

అంత నిజాయితీ గల ఆఫీసరు దొరకడం కష్టం. నెల తిరక్కుండానే, చ్యాంగ్రే నీళ్లు రాజధానిలో కుళాయి నీళ్లకంటే తేటగా ఉన్నాయని ల్యాబ్ సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ సర్టిఫికెట్ చూసుకునే మంత్రిగారు నది ఒడ్డున చదునులో కొత్త స్కూలుకి శంకుస్థాపన చేశారు. అది కట్టడం అవగానే, కొండ మీద రేకుల షెడ్లలో చదువుతున్న అరవై ఇద్దరు పిల్లలూ కిందికి దిగారు. వాళ్లలో సూన్‌మాయా కూతురు రీతూ ఒకతి, నాలుగో తరగతి.

ఆ ఏడాది వానలకి నది అడుగున ఇసుకా రాళ్లూ పేరుకుని, పలక కింది భాగం పూడిపోయింది.

"మూడున్నర, సార్," అంది సూన్‌మాయా ఫోన్‌లో.

"మూడు దాటితే ప్రమాదం కదా! పొద్దున్నే ఏం మాటలవి?"

"అడుగు పూడింది సార్. నదే పైకి లేచింది."

"లేవడానికి అదేమన్నా మంచమెక్కిందా? ఇసుక మీద నించి నీళ్లు ఎంత లోతున్నాయో చెప్పు."

"ఒక మీటరు."

"మరదే కదా చెప్పాల్సింది! పలక పీకి పైన కొట్టు. సున్నా ఎప్పుడూ ఇసుక మీద ఉండాలి."

ఏడాదిలో పలక నాలుగు సార్లు పైకెక్కింది. ఎక్కినప్పుడల్లా చ్యాంగ్రే మట్టం ఒక మీటరే. ఇంత నిలకడైన నది దేశంలో మరొకటి లేదని డివిజన్‌కి షీల్డు ఇచ్చారు. సూన్‌మాయా మాత్రం ఆ షీల్డుని నమ్మలేదు.

ఎందుకంటే ఆమెకి ఇంకో పలక ఉంది. వంతెన కింద ఏనుగు లాంటి బండ ఒకటుంది. భూకంపానికి ముందు దాని కాళ్లూ తొండమూ కనబడేవి. మొదటి వానాకాలానికి కాళ్లు పోయాయి, రెండోదానికి పొట్ట పోయింది.

"సార్, ఏనుగు కళ్లదాకా మునిగింది," అని ఆమె ఫోన్ చేసింది.

"అయితే అటవీ శాఖకి చెప్పు," అన్నారు చీఫ్.

ఆమె నేరుగా హెడ్మాస్టరు లోకేంద్ర దగ్గరికి పోయింది. "సార్, పిల్లల్ని పైకి పంపెయ్యండి. ఏనుగు బండ కళ్లదాకా మునిగింది, నాకు భయంగా ఉంది."

"నువ్విచ్చిన లెక్కే కదా దిదీ, ఒక మీటరని? గోడకి అంటించి ఉంది చూడు."

"రాసింది నేనే. అబద్ధం కూడా నాదే. మీ కాళ్లు పట్టుకుంటా."

హెడ్మాస్టరు గోడ కాగితం వంకా ఆమె మొహం వంకా మార్చి మార్చి చూశాడు. "ఏనుగు నెత్తి మునిగిన రోజున నువ్వే వచ్చి గంట కొట్టు. ఎందుకని అడగను," అన్నాడు చివరికి.

వానలు మొదలయ్యే అసార్ నెల పద్నాలుగో తారీఖు పొద్దున్న పలక దగ్గరికి పోతే ఏనుగు లేదు. సూన్‌మాయా ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఎనిమిదింటికి ఫోన్ చెయ్యలేదు. పరుగెత్తింది. చెప్పులు ఎక్కడ పోయాయో తెలీదు. గంట కొడుతూనే ఉంది, చెయ్యి బొబ్బలెక్కేదాకా. పిల్లలు కొండెక్కాక ముగ్గురు టీచర్లు మూడుసార్లు లెక్కపెట్టారు. అరవై ఇద్దరూ ఉన్నారు. ఆమె రీతూని పట్టుకుని బావురుమంది. అరగంటకి, ఎగువన జారిన కొండ నదిలో పడి, బురదై వచ్చి స్కూల్లోకి దూరింది. రేకుల కప్పు కొట్టుకుపోయింది.

అప్పుడు ఆమె ఫోన్ చేసింది. "సార్, స్కూలు పోయింది."

"అది విద్యాశాఖ. నువ్వు మట్టం చెప్పు."

"పలక కనబడట్లేదు సార్."

"ఎక్కడ కొట్టాలో తెలుసుగా?"

మర్నాడు అసార్ పదిహేను. దేశమంతా నాట్లు వేసి, ఒళ్లంతా బురద పూసుకుని, పెరుగూ అటుకులూ తినే రోజు. మంత్రిగారి పండగ కార్యక్రమం పాంగ్రేటార్‌లోనే అని ఎప్పుడో అచ్చు వేయించారు. దాన్ని మార్చడం ఎవరివల్లా కాలేదు. దారి పొడుగునా నీళ్లు నింపిన కడవలు పెట్టి స్వాగతం చెప్పారు. పిల్లలు కొండ దిగి వరుసలో నిలబడ్డారు.

బురద స్కూలు నిండా పట్టింది. నాలుగు గదుల గోడల పైవరస రాళ్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి, చక్కగా గట్లు వేసినట్టు. మంత్రిగారు చూసి మురిసిపోయారు.

"నాలుగు మళ్లు! గట్లు కూడా ఎంత నీటుగా వేశారయ్యా! ఇది మీ డివిజన్ పనేనా?"

చీఫ్ వినయంగా తల వంచారు. "అంతా తమ దయ."

"నేను పునాది రాయి వేశానే, అదేది?"

"తమ పాదాల కిందే ఉందండీ."

"పునాది అంటే అట్లా ఉండాలి!" మంత్రిగారు ప్యాంటు మోకాలిదాకా మడిచి, మొదటి మడిలోకి దిగారు. కెమెరాలు చుట్టూ చేరాయి. నారు కట్ట అందించడానికి పిల్లల్లోంచి ఒకర్ని పిలిచారు. రీతూ వచ్చింది.

"ఏం చదువుతున్నావు నానీ?"

"నాలుగు."

"భేష్! క్లాసులో ఎక్కడ కూర్చుంటావు? ముందా, వెనకా?"

రీతూ ఆయన కాళ్ల మధ్య బురదని చూపించింది. "అక్కడే. రెండో బెంచీ."

మంత్రిగారు నవ్వారు, పిల్ల మాట సరిగా వినబడలేదు. వంగి నారు అక్కడే నాటారు. ఫొటో బాగా వచ్చింది.

సూన్‌మాయా కొత్త పలకా సుత్తీ పట్టుకుని గోడ రాళ్ల దగ్గర నిలబడి ఉంది. చీఫ్ దగ్గరికొచ్చి మెల్లిగా అడిగారు.

"ఎంత?"

ఆమె సుత్తి కింద పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుంది.

"మీరే దిగి చూసుకోండి సార్."